లెక్క 7.00 అంటోంది, మీటరు 6.78 అంటోంది: ఫాస్ఫేట్ బఫర్‌లో తప్పెక్కడ?

రణస్థలం_ట్రైనీ

అందరికీ నమస్కారమండీ. పైడిభీమవరం వైపు ఒక మందుల యూనిట్‌లో క్యూసీ (నాణ్యత పరీక్షల) ట్రైనీని. ప్రాక్టీసు కోసం 20 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7.00, ఒక లీటరు తయారుచేస్తున్నాను. హెండర్సన్ సమీకరణంలో (పీహెచ్ = పీకేఏ + లాగ్ నిష్పత్తి) పీకేఏ, అంటే ఆమ్లమూ దాని లవణమూ సమానంగా ఉండే పీహెచ్, 7.20 వేస్తే లవణానికీ ఆమ్లానికీ నిష్పత్తి 0.631 వచ్చింది. ఆ ప్రకారం నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.10 గ్రాములు, నిర్జల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.47 గ్రాములు తూచాను. 25 డిగ్రీల దగ్గర మీటరు 6.78 చూపించింది. రెండోసారి చేసినా అంతే.

పోనీ అని పది రెట్ల గాఢతతో స్టాక్ చేశాను. అది 6.60. దాన్ని పదింతలు పలుచన చేస్తే మళ్ళీ 6.78. నిష్పత్తి మారనప్పుడు పీహెచ్ ఎందుకు మారింది? బఫర్ అంటే పీహెచ్ మారదనే కదా చదువుకున్నాం.

ఇంకోటి. హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని పంపుతో కాలమ్‌లోంచి నెట్టి మందుని విడదీసే యంత్రం) కోసం ఇదే బఫర్‌ని అసిటోనైట్రైల్ అనే ఆర్గానిక్ ద్రావణితో 25:75 కలిపితే తెల్లగా మబ్బు పట్టింది. తూకంలో తప్పా, మీటరు తప్పా, నా లెక్క తప్పా?


చీపురుపల్లి_ల్యాబ్

ముందు మీటరు చూడండి. మన దగ్గర న్యూట్రల్ కాలిబ్రేషన్ బఫర్లు రెండు రకాలు దొరుకుతాయి: 7.00 ఒకటి, 6.86 ఒకటి. మీటరు సెట్టింగులో 7.00 గ్రూపు ఉండి, చేతిలో 6.86 సీసా ఉంటే, ఆటో గుర్తింపు దాన్నే 7.00 అనుకుని ఒప్పేసుకుంటుంది. అక్కడికక్కడే 0.14 తేడా. సీసా మీది అంకె, తెరమీది అంకె ఒకటేనా చూసి మరీ బటన్ నొక్కాలి.

స్లోప్ (ఎలక్ట్రోడ్ ఇచ్చే వోల్టేజీ, రావలసినదాంట్లో ఎంత శాతమో) 95 నుంచి 105 శాతం మధ్య ఉండాలి. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు రావాలి. ఎలక్ట్రోడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఉంచే అలవాటు ఉంటే మానేయండి, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి. నీళ్ళలో ఉంచితే లోపలి ఉప్పు బయటికి పోయి, రీడింగు నిలబడడానికి నిమిషాలు పడుతుంది.

తర్వాత సీసా లేబుల్ మీద నీటి అణువులు ఎన్నో చూడండి. డైసోడియం ఫాస్ఫేట్ నిర్జలం అయితే అణుభారం 141.96, రెండు నీళ్ళది 177.99, పన్నెండు నీళ్ళది 358.14. నాకైతే అనుమానం అంతా అక్కడే.


కోట_కెమిస్ట్రీ

చీపురుపల్లి గారు చెప్పినవి రోజూ చూసుకోవలసినవే. కానీ ఈ కేసులో దొంగ అక్కడ లేడు. లెక్క వేసి చూడండి. రెండు నీళ్ళ లవణాన్ని నిర్జలం అనుకుని 1.10 గ్రాములు తూస్తే, 7.7 మిల్లీమోల్స్ రావలసిన చోట 6.2 వస్తాయి. దానివల్ల పీహెచ్ ఇంకో 0.10 తగ్గి 6.68 దగ్గర ఆగాలి. పన్నెండు నీళ్ళదైతే దాదాపు 0.40 తగ్గి 6.4 దగ్గరికి పోవాలి. 7.00 మీటరు పొరపాటు ఉంటే రీడింగు ఎక్కువ వచ్చి 6.91 చూపాలి. బాబుకి వచ్చింది 6.78. అంటే తూకమూ సరే, మీటరూ సరే. సమీకరణంలో వేసిన 7.20 అనే అంకె దగ్గరే మడత ఉంది.

ముందు బఫర్ చేసే పనేమిటో ఇదే ద్రావణంతో చూద్దాం, తర్వాత మడత విప్పుదాం.

మీ లీటరులో డైసోడియం లవణం ఇచ్చిన మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ 7.74 మిల్లీమోల్స్, రెండో లవణం ఇచ్చిన డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 12.26 మిల్లీమోల్స్ ఉన్నాయి. మొదటిది క్షారం, రెండోది దాని ఆమ్లం. ఇందులో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మి.లీ. వేశారనుకోండి, అంటే 1 మిల్లీమోల్ హైడ్రోజన్ అయాన్లు. అవి ఖాళీగా తిరగవు. మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ వాటిని పట్టుకుని డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌గా మారిపోతుంది. 7.74 కాస్తా 6.74 అవుతుంది, 12.26 కాస్తా 13.26. నిష్పత్తి 0.631 నుంచి 0.508కి దిగుతుంది. లాగరిథం తీస్తే పీహెచ్ తగ్గుదల 0.09 మాత్రమే. అదే 1 మి.లీ. ఆమ్లం ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే 7 నుంచి 3కి పడిపోతుంది.

కాబట్టి "పీహెచ్ మారదు" అన్న మాట సరికాదు. మారుతుంది, కొంచెమే మారుతుంది. నిష్పత్తి ఎంత మారితే అంత. లాగరిథం దాన్ని ఇంకా నొక్కేస్తుంది.

ఇదీ ఎంతవరకో చూడండి. అదే ఆమ్లం 7 మి.లీ. పోస్తే క్షారం 0.74 మిల్లీమోల్ మిగులుతుంది, పీహెచ్ 1.2 దిగుతుంది. ఎనిమిదో మి.లీ. పడేసరికి క్షారం ఖాళీ, పీహెచ్ 4.5 కిందికి జారుతుంది. దీన్నే బఫర్ సామర్థ్యం అంటాం. పీహెచ్, పీకేఏ సమానమైన చోట అది గరిష్ఠం, మొత్తం గాఢతకి 0.576 రెట్లు. పీకేఏ నుంచి ఒక యూనిట్ అటో ఇటో జరిగితే 0.19 రెట్లకి, అంటే మూడో వంతుకి పడిపోతుంది. "పీకేఏకి ఒకటి అటూ ఇటూ" అని పుస్తకాల్లో రాసే నియమం వెనక ఉన్న అంకె ఇదే.

ఇక 7.20 సంగతి. అది అనంతంగా పలుచన చేసిన ద్రావణానికి కొలిచిన విలువ. మీ సీసాలో అయాన్లు గుంపుగా ఉన్నాయి. రెండు రుణావేశాలున్న మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ చుట్టూ సోడియం అయాన్లు మూగుతాయి, దాంతో అది మరింత స్థిరపడుతుంది. ఒకే రుణావేశం ఉన్న డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌కి ఆ లాభం తక్కువ. ఆవేశం వర్గం లెక్కన పోతుంది కాబట్టి ఒకదానికి 4, రెండోదానికి 1. ఆ తేడా 3 వల్ల ఆమ్లం హైడ్రోజన్‌ని వదలడం తేలికవుతుంది. అంటే పనిచేసే పీకేఏ తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? అయానిక బలం కట్టండి: ప్రతి అయాన్ గాఢతని దాని ఆవేశం వర్గంతో గుణించి, అన్నీ కలిపి, సగం చేయాలి. సోడియం 27.7, డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 12.3, మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ 7.74 × 4 = 31.0. మొత్తం 71, సగం 35.5 మిల్లీమోలార్, అంటే 0.0355. దీన్ని డేవిస్ సమీకరణంలో (అయానిక బలం నుంచి పీకేఏ దిద్దుబాటు కట్టే సూత్రం) వేస్తే దిద్దుబాటు 0.23 వస్తుంది. 7.00 లోంచి 0.23 తీసేస్తే 6.77. మీ మీటరు 6.78 అంది. ఇంతకన్నా బాగా ఇంకేం కలవాలి!

స్టాక్‌లో అయానిక బలం 0.355. దిద్దుబాటు 0.41, కాబట్టి 6.59. మీకు 6.60 వచ్చింది. (అంత గాఢతలో డేవిస్ సమీకరణాన్ని పూర్తిగా నమ్మకూడదు గానీ, దిశ మాత్రం అదే.) పలుచన చేసిన కొద్దీ గుంపు పలచబడి పనిచేసే పీకేఏ 7.20 వైపు, దాంతో మీ పీహెచ్ 7.00 వైపు జరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే మీ బల్ల మీదున్న 6.86 సీసానే చూడండి. అందులో పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ సమానంగా, ఒక్కోటి కిలో నీటికి 0.025 మోల్ చొప్పున ఉంటాయి. సమానమంటే లాగ్ సున్నా. పుస్తకం లెక్కన 7.20 చూపాలి. ఆ సీసా మీద మాత్రం 25 డిగ్రీల దగ్గర 6.86 అనే ఉంటుంది. రోజూ మీటరు ముంచేది అందులోనే, జవాబు కూడా అందులోనే ఉంది.


రణస్థలం_ట్రైనీ

మాస్టారూ, చాలా స్పష్టంగా ఉంది. అయితే 7.00 రావాలంటే నేనేం తూచాలి? ప్రతిసారీ ఈ దిద్దుబాటు కట్టాలా?


కోట_కెమిస్ట్రీ

20 మిల్లీమోలార్‌కి పీకేఏ 6.96 అని పెట్టుకోండి. నిష్పత్తి 1.1 వస్తుంది. క్షారం 10.5 మిల్లీమోల్స్, ఆమ్లం 9.5. 0.1 మోలార్ దాకా వెళ్తే పీకేఏ 6.8 దగ్గరికి దిగుతుంది.

ఎసిటేట్ బఫర్‌కి ఈ తలనొప్పి తక్కువ. ఆమ్లానికి ఆవేశం లేదు, లవణానికి ఒకటే. తేడా 3 బదులు 1, కాబట్టి జరుగుడు కూడా మూడో వంతే. ట్రిస్ అనే ఇంకో బఫర్‌లో ఆమ్లానికి ధనావేశం, క్షారానికి ఏమీ లేదు, కాబట్టి పీకేఏ ఎదురుదిశలో కాస్త పెరుగుతుంది. ట్రిస్‌కి అసలు పేచీ వేడితోటి. ఒక్కో డిగ్రీకి 0.028 తగ్గుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 8.00 సర్ది, కరెంటు పోయాక 35 డిగ్రీల దగ్గర వాడితే అది 7.72. ఫాస్ఫేట్ డిగ్రీకి 0.003 కూడా కదలదు.


నాగావళి_క్యూసీ

లెక్క మాస్టారు చెప్పేశారు, నేను బల్ల దగ్గర పని చెప్తాను తమ్ముడూ. రెండు లవణాలు తూచి కలపడం కాలేజీ పద్ధతి. మన పనికి ఒక్క లవణం తూచి, మీటరు చూస్తూ సర్దుకోవడమే మేలు. కారణం ఏటంటే, పొటాషియం లవణాల్లో డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ తేమని విపరీతంగా లాగేస్తుంది. సముద్రం పక్క ఊళ్ళు మనవి, వానాకాలంలో సీసా మూత తీసి తూకం నిలబడేలోపే అంకె పెరుగుతూ ఉంటుంది. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌కి ఆ గుణం లేదు.

లీటరుకి అది 2.72 గ్రాములు తూచు, 20 మిల్లీమోల్స్ అవుతుంది. 900 మి.లీ. నీళ్ళలో పూర్తిగా కరగనీ. తిప్పుతూ 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ 9 మి.లీ. ఒకేసారి పోసెయ్, తర్వాత చుక్కచుక్కగా. సుమారు 10.5 మి.లీ. దగ్గర 7.00 రావాలి. 12 దాటినా రాకపోతే నీ హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి కార్బొనేట్ అయిపోయిందన్నమాట, కొత్తది చేసుకో. 7.00 నిలబడ్డాక అప్పుడు 1000 గీత వరకు నీళ్ళు. గీతకి చేర్చేశాక సర్దడం మొదలెడితే ఘనపరిమాణం దాటిపోతుంది.

దాటేసి 7.2కి వెళ్ళిపోయిందనుకో, ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లంతో వెనక్కి లాగాలని అనిపిస్తుంది. లాగితే పీహెచ్ వస్తుంది గానీ మొత్తం ఫాస్ఫేట్ 20 దాటిపోతుంది, రెండు బ్యాచ్‌ల రిటెన్షన్ టైమ్ (మందు కాలమ్ దాటి బయటికొచ్చే సమయం) కలవదు. పారబోసి మళ్ళీ చెయ్. ఖర్చు మూడు గ్రాముల ఉప్పే కదా. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అసలు సర్దొద్దు, క్లోరైడ్ స్టీలు భాగాలకి పడదు.

ఇదంతా నేర్చుకునేటప్పటి మాట. రిలీజ్ శాంపిల్ (మార్కెట్‌కి వదిలే ముందు పరీక్షించే నమూనా) దగ్గర పద్ధతి పత్రంలో "ఇంత తూచి, ఇన్ని నీళ్ళు" అని మాత్రమే ఉండి పీహెచ్ సర్దమని లేకపోతే, మీటరు ఏం చెప్పినా సర్దకూడదు. "పీహెచ్ 7.0కి సర్దాలి" అని ఉంటే దేనితో సర్దమన్నారో దానితోనే. లెక్క తెలుసు కదా అని తూకం మార్చేశావంటే అది డీవియేషనే (పత్రం దాటిన తప్పు).

మబ్బు సంగతి. 75 శాతం అసిటోనైట్రైల్‌లో సోడియం ఫాస్ఫేట్ నిలవదు. పొటాషియం ఫాస్ఫేట్ కొంత నయం, 10 మిల్లీమోలార్ అయితే ఉజ్జాయింపుగా 70 శాతం దాకా తట్టుకుంటుంది, గాఢత పెరిగితే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. గ్రేడియంట్ (రన్‌లో ఆర్గానిక్ శాతం క్రమంగా పెంచే పద్ధతి) రాసేటప్పుడు చివరి అంకె ఆ హద్దుకి చాలా కింద ఉండాలి, ఎందుకంటే పంపులో రెండూ కలిసే మూల దగ్గర ఒక్క క్షణం ఆర్గానిక్ ఎక్కువైనా అక్కడే గింజ కడుతుంది. ఆ గింజ పంపు చెక్ వాల్వ్‌లో (ద్రవం వెనక్కి పోకుండా ఆపేది) కూర్చుంటే ప్రెషర్ ఊగుతుంది, పిస్టన్ సీల్‌ని గీరేస్తుంది. చేత్తో కలిపి చూసి మబ్బు పట్టిన నిష్పత్తిని ఎప్పుడూ పంపుకి ఇవ్వొద్దు.

రన్ అయిపోయాక నేరుగా 100 శాతం అసిటోనైట్రైల్ పెట్టేవాళ్ళు ఉన్నారు. కాలమ్‌లో మిగిలిన ఫాస్ఫేట్ అక్కడికక్కడే ఉప్పు కట్టేస్తుంది. ముందు నీళ్ళు 90, అసిటోనైట్రైల్ 10. 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. కాలమ్‌లో ద్రవం పట్టేది రెండున్నర మి.లీ. కాబట్టి నిమిషానికి 1 మి.లీ. చొప్పున అరగంట కడిగితే పన్నెండు సార్లు కడిగినట్టు. ఆ తర్వాత ఆర్గానిక్ పెంచు.

0.45 మైక్రాన్ ఫిల్టర్ వేశాక కూడా 7 దగ్గరి ఫాస్ఫేట్‌లో నాచు, బ్యాక్టీరియా ఇష్టంగా పెరుగుతాయి. పత్రంలో గడువు రాసి ఉంటే అదే లెక్క, లేకపోతే రెండు రోజులు దాటిన సీసాని నేను నమ్మను. పాత సీసాలో మిగిలినదాని మీద కొత్తది పోయడం అన్నిటికన్నా చెడ్డ పని.


పూసపాటిరేగ_చెరువులు

మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. వనామీ రొయ్యల చెరువుల్లో ఆల్కలినిటీనే (నీటిలోని బైకార్బొనేట్ లాంటి క్షారాల మొత్తం, లీటరుకి మి.గ్రా.ల్లో) బఫర్ అంటారు కదా. ఆల్కలినిటీ 80 ఉన్న చెరువులో పొద్దున్న 7.6, మధ్యాహ్నం మూడింటికి 9.0 చూపిస్తోంది. ఈ లెక్కలు అక్కడ కూడా పనిచేస్తాయా? ఆల్కలినిటీ 20 పెంచాలంటే ఎకరానికి తినే సోడా ఎంత?


కోట_కెమిస్ట్రీ

పనిచేస్తాయి, ఒక మెలికతో. బైకార్బొనేట్‌కి పీకేఏలు మంచినీటిలో 6.35, 10.33. రెంటికీ సరిగ్గా మధ్యన 8.3 ఉంది. అంటే మీరు కోరుకునే పీహెచ్ దగ్గరే బైకార్బొనేట్ బఫర్‌గా అత్యంత బలహీనం! ల్యాబ్ సీసాలో ఎవరూ ఈ పీహెచ్‌కి దీన్ని ఎంచుకోరు. చెరువు నిలబడేది పై నుంచి గాలి, కింద నుంచి సున్నపురాయి కాపు కాయడం వల్ల. పగలు ప్లాంక్టాన్ కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి అన్నీ శ్వాసించి తిరిగి వదులుతాయి, దిగుతుంది. ఆల్కలినిటీ ఎక్కువుంటే అదే మోతాదు కార్బన్ డయాక్సైడ్‌కి ఊగుడు తక్కువ. 100 పైన ఉంచమనేది అందుకే.

సోడా లెక్క: లీటరుకి 1 మి.గ్రా. ఆల్కలినిటీకి 1.68 మి.గ్రా. సోడా. ఎకరం 4,047 చదరపు మీటర్లు, లోతు 1.2 మీటర్లు అనుకుంటే 4,856 ఘనపు మీటర్ల నీరు. 20 పెంచడానికి సుమారు 163 కిలోలు. ఒక్కరోజే గుమ్మరించకుండా మూడు నాలుగు విడతల్లో వేయండి. మధ్యాహ్నం 9 ఉన్న చెరువులో కాల్చిన సున్నం మాత్రం వేయొద్దు, అది పీహెచ్‌ని ఇంకా ఎక్కిస్తుంది. 25 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో 5 శాతం విష రూపంలో ఉంటే, 9 దగ్గర 36 శాతం ఉంటుంది. ఉప్పునీటిలో ఈ శాతాలు కాస్త తగ్గుతాయి, అయినా 9 మంచిది కాదు. అయితే మీ ఊగుడుకి సోడా ఒక్కటే మందు కాదు, బ్లూమ్ (ప్లాంక్టాన్ పెరుగుదల) మరీ చిక్కబడిందేమో సెకీ డిస్క్‌తో (నీటిలో ఎంత లోతు వరకు కనిపిస్తుందో చూసే పళ్ళెం) చూడండి.


రణస్థలం_ట్రైనీ

అన్నా, 2.72 గ్రాములతో చేశాను. హైడ్రాక్సైడ్ 10.6 మి.లీ. పట్టింది, 7.01 దగ్గర ఆపి గీతకి చేర్చాను. నిష్పత్తి 40:60కి మార్చి అసిటోనైట్రైల్ కలిపితే మబ్బు లేదు. కానీ కలిపాక మీటరు పెడితే 7.9 చూపిస్తోంది. మళ్ళీ సర్దాలా?


నాగావళి_క్యూసీ

వద్దు. సర్దావంటే బఫర్ పాడైపోతుంది. మీటరుని కాలిబ్రేట్ చేసింది నీళ్ళ బఫర్లతో. అసిటోనైట్రైల్ కలిసిన ద్రవంలో ఎలక్ట్రోడ్ జంక్షన్ దగ్గర వోల్టేజీ మారిపోతుంది, ఫాస్ఫేట్ పీకేఏ కూడా నిజంగానే పైకి జరుగుతుంది. ఆ 7.9లో ఏది ఎంతో విడదీసి చెప్పలేం. అందుకే పత్రాల్లో పీహెచ్ ఎప్పుడూ ఆర్గానిక్ కలపకముందు నీళ్ళ భాగానికే రాస్తారు. రికార్డులో 7.01 రాసుకో. ఎలక్ట్రోడ్‌ని నీళ్ళతో కడిగి పొటాషియం క్లోరైడ్‌లో పెట్టు, అసిటోనైట్రైల్ తడి దానికి మంచిది కాదు.

ఇంకో మాట. నీ కాలమ్ మామూలు సిలికాది అయితే 7 దగ్గర పరవాలేదు, 8 దాటితే సిలికా కరగడం మొదలవుతుంది. నీ మందు పీకేఏ ఎంతో కూడా ఒకసారి చూసుకో. అది 7 దగ్గరే ఉంటే బఫర్‌లో 0.05 తేడాకే పీక్ జరిగిపోతుంది.


రణస్థలం_ట్రైనీ

మందు పీకేఏ 9.4 అన్నా. సరిపోతుంది కదా?


నాగావళి_క్యూసీ

రెండు యూనిట్లు దాటి ఉంది, 7.01కి సరిపోతుంది. పీక్ తోక లాగితే మాత్రం బఫర్‌ని అనుమానించకు, కాలమ్‌లోని సైలనాల్‌ని (సిలికా ఉపరితలం మీది మందుని పట్టుకునే గుంపులు) అనుమానించు. దానికి వేరే పోస్టు పెట్టు.